చిక్కుడు గింజల అఆలు

ముందే చెప్పేస్తున్నాను. ఇది ఒక ఊరు ఏడాదంతా ఎదురుచూసే పండగను నేను ఒక్క పూటలో ఉప్పేసి ఉడకబెట్టిన కథ. మధ్యలో నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వండి. నేనూ ఎప్పట్నుంచో నవ్వడానికి ప్రయత్నిస్తున్నాను, నాకే ఇంకా సరిగ్గా రావడం లేదు.

అప్పటికి నాకు పంతులు ఉద్యోగం వచ్చి ఏడాది కూడా కాలేదు. పుట్టింది బొగ్గు బావుల కాలనీలో. మా నాన్న గనిలో పని చేసేవాడు, మా వైపు దాన్ని బాయి పని అంటారు. నేను బాయి దిగకూడదని ఆయన పంతం. అందుకని నన్ను ఖమ్మంలో కోచింగ్‌లో చేర్పిస్తే, నేను అక్కడ పిల్లల మనస్తత్వం మొత్తం బట్టీ పట్టాను. పిల్లలు ఎలా నేర్చుకుంటారు అని మీరు అడిగి నాలుగు ఆప్షన్లు ఇస్తే చాలు, కళ్లు మూసుకుని సరైనది చెప్పేవాణ్ణి. చిక్కల్లా ఏమిటంటే, అసలు పిల్లలు ఆప్షన్లు ఇవ్వరు.

పోస్టింగ్ చర్ల దాటి, పోలీసు క్యాంపు దాటి, రోడ్డు అనేది ఉందో లేదో తేలని చోటు దాటి, ఒక కోయ గూడెంలో పడింది. ఒకటే గది. ఆ గదిలోనే ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ, అన్ని సబ్జెక్టులూ, మధ్యాహ్నం బువ్వా. పంతుల్ని నేనొక్కణ్ణే. పిల్లలు ఇంట్లో మాట్లాడేది కోయ. బళ్లో చదవాల్సింది తెలుగు. ఆ పుస్తకంలో తెలుగేమో నాకే ఇంట్లో ఎవరూ మాట్లాడగా వినని తెలుగు.

దీనికి నేనొక మందు కనిపెట్టాను. బళ్లోకి అడుగుపెట్టాక ఏం చెప్పినా తెలుగులో చెప్పాలి, పూర్తి వాక్యంలో చెప్పాలి. ఒంటేలుకు పోవాలన్నా అంతే. "సార్, నేను మూత్ర విసర్జనకు వెళ్లవచ్చునా?" అని అడిగితే గానీ వదిలేవాణ్ణి కాదు. ఒకటో తరగతి వాళ్లకు 'విసర్జన' దగ్గరికి వచ్చేసరికే ఆ పని అయిపోయేది. అయినా నేను తగ్గలేదు. భాష రావాలంటే ఆ మాత్రం తడవాలి అనుకున్నాను.

నా రెండో అలవాటు, పాఠం చదివించిన ప్రతిసారీ చివర "అర్థమైందా?" అని అడగడం. "అయింది సార్!" అని గదంతా ఒకటే గొంతుతో మోగేది. నేను పాఠం మొదలుపెట్టకముందు అడిగినా అలాగే మోగేది. నాకు అందులో ఏ లోపమూ కనిపించలేదు. పై నుంచి ఎవరైనా చూడటానికి వచ్చినప్పుడు ఆ మోత వినసొంపుగా ఉండేది.

ఐదో తరగతిలో నందిని అని ఒక పిల్ల ఉండేది. గూడెం పూజారి ముత్తయ్య కూతురు. కంటికి కనిపించిన అక్షరాన్ని వదిలేది కాదు. సబ్బు కాగితం, యూరియా సంచి, బస్సు మీద బోర్డు, క్యాంపు గోడ మీద అంటించిన పోలీసోళ్ల పోస్టరు, అన్నీ చదివేసేది. పెదాలు కదిలేవి, గొంతు మాత్రం రాదు. డిక్టేషన్ చెబితే ఒక్క తప్పు దొరకదు, లేచి చదవమంటే చూపు కాలి బొటనవేలు మీద. భద్రాచలం గురుకులంలో ఆరో తరగతి సీటు కోసం పరీక్ష ఉందని నేను చెప్పిన రోజు నుంచి ఆ పిల్ల బడికి అందరికంటే ముందు వచ్చి అరుగు మీద కూర్చునేది. మా బడి ఐదుతో ఆఖరు. ఆ పైన చదవాలంటే వాగు దాటి చాలా దూరం పోవాలి, ఆడపిల్లను ఒంటరిగా ఎవరూ పంపరు. అంటే ఆ పరీక్ష తప్పితే నందిని చదువు అక్కడితో సరి.

ముత్తయ్యకు ఇష్టం లేదు. "ఆడికి పోతే మా మాట మర్శిపోతది సారూ" అన్నాడు. నేను ఆయన్ని నానా రకాలుగా బతిమాలాను. చివరికి "మీరున్నరు గదా సారూ, మీ మీద నమ్మకంతోని పంపుతా" అన్నాడు. ఆ మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత దాంతో పని పడుతుంది.

ఇక అసలు విషయానికొస్తాను. చిన్న పిల్లలకు అక్షరాలు పట్టుబడటం లేదని నేను సారపాక వెళ్లినప్పుడు మందపాటి అట్టలు కొన్ని తెచ్చి, రాత్రంతా కూర్చుని అక్షరాల కార్డులు కత్తిరించాను. పొద్దున క్యాంపు దగ్గర ఒక జవాను నా బండి ఆపాడు.

"సంచిల ఏంది?"

"అక్షరాలు సార్."

"ఏంది?"

"అఆలు సార్."

ఆ జవాను నన్ను కిందికీ మీదికీ చూసి, సంచి మొత్తం రోడ్డు మీద పోయించి, 'ఱ' చేతిలోకి తీసుకుని "ఇది ఏం కోడు?" అని అడిగాడు. అది ఇప్పుడు ఎవరూ వాడని అక్షరం అని చెబితే అనుమానం ఇంకా పెరిగింది. ఇంతా చేసి బడికి చేరిస్తే, మధ్యాహ్నం నేను చేయి కడుక్కుని వచ్చేలోపు మేకలు గదిలోకి దూరి క నుంచి ఙ దాకా మేసిపోయాయి. నా దగ్గర చదువుకున్న వాటిలో అక్షరాలు పూర్తిగా ఒంటబట్టింది ఆ మేకలకే.

ఆ కోపంలో నాకు మహత్తరమైన ఆలోచన వచ్చింది. మేకలకంటే ముందు మనమే తినేస్తే? చలికాలం. గూడెంలో ప్రతి ఇంటి పందిరి మీదా చిక్కుడు తీగ విరగకాసి ఉంది. స్థానిక వనరులతో బోధన అని శిక్షణలో చెవులు చిల్లులు పడేలా చెప్పారు కూడా. ఇంకేం!

"రేపు అందరూ ఇంటికాడికెళ్లి చిక్కుడు గింజలు తేవాలె. వాటితోని అక్షరాలు పేర్చుదాం. ఎవరు పేర్చిన అక్షరం వాళ్లు చదివినంక, ఉడకబెట్టుకొని తిందాం. సరేనా?"

గది గప్‌చుప్ అయిపోయింది. "అయింది సార్" మోత కూడా లేదు. అప్పుడు ఒక వింత జరిగింది. ఎప్పుడూ నోరు తెరవని నందిని తనంతట తాను లేచి నిలబడింది. వాళ్ల మాటలో ఏదో చెప్పింది.

నాకు పట్టరాని సంతోషం. ఆ పిల్ల గొంతు విన్నది అదే మొదలు. కానీ నేను సామాన్యుణ్ణా?

"తెలుగుల చెప్పు."

"పండగ కాలే సార్."

"పూర్తి వాక్యంల చెప్పాలె. ఏ పండగ?"

"చిక్కుడు పండగ."

"ఆ. చిక్కుడు పండగ ఏమైంది?"

"కాలే."

"కాలే కాదు, కాలేదు. 'ఇంకా' అని ఒక ముక్క పెట్టు, అందంగ ఉంటది. ఏదీ, మొత్తం ఒక్కసారి."

పాపం ఆ పిల్ల చెమటలు కక్కుతూ, ఒక్కో మాటా వెతుక్కుంటూ అంది. "చిక్కుడు పండగ... ఇంకా... కాలేదు సార్."

"శభాష్!"

చప్పట్లు కొట్టించాను. ఆ వాక్యాన్ని బోర్డు మీద గుండ్రంగా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. అందరితోనూ గట్టిగా చదివించాను. మళ్లీ మళ్లీ చదివించాను. "అర్థమైందా?" అన్నాను. "అయింది సార్!" అన్నారు. వాళ్లకు నిజంగానే అర్థమైంది. ఆ గదిలో అర్థం కానిది ఒక్కడికే, వాడు చేతిలో చాక్‌పీసు పట్టుకుని మురిసిపోతున్నాడు.

పండగ కాకపోతే ఏమిటి అని ఒక్క క్షణం ఆలోచించి ఉంటే నాకే తట్టేది. కొత్తగా కాసిన చిక్కుళ్లను పండగ రోజు ముందు దేవతకు పెట్టాలి, అంతవరకూ ఆ ఊళ్లో ఎవరూ నోట్లో వేసుకోరు. పందిరి విరిగిపడేంత కాసినా, ఇంట్లో కూరకు ఏమీ లేకపోయినా సరే, వేసుకోరు. ఇది అక్కడి మూడేళ్ల పిల్లకు కూడా తెలుసు. నాకు తెలిసింది ఆ మాటకు 'ఇంకా' చేరిస్తే అందం వస్తుందని.

మర్నాడు చిన్నవాళ్లు జేబుల నిండా గింజలు తెచ్చారు. సారే చెప్పాడు కాబట్టి పండగ అయిపోయినట్టే అనుకున్నట్టున్నారు. నందిని ఒట్టి చేతులతో వచ్చింది.

"నీ గింజలేవి?"

ఆ పిల్ల వేలు ఎత్తి బోర్డు చూపించింది. నేను తిరిగి చూశాను. నిన్నటి వాక్యం చెక్కుచెదరకుండా ఉంది.

"చూసిన. వాక్యం మంచిగనే ఉన్నది. గింజలేవి అంటున్న?"

వేలు అలాగే ఉంది.

నాకు ఒళ్లు మండింది. "ఇట్ల సార్లు చెప్పింది ఇనకపోతే రేపు గురుకులంల ఎట్ల ఉంటవ్? ఆడ మస్తు మంది టీచర్లుంటరు. పరీక్షకు పోవాలని ఉన్నదా, లేదా?"

నందిని వేలు దించింది. నా మొహంలోకి ఒకసారి చూసి, బయటికి పరుగెత్తింది. తిరిగి వచ్చేసరికి గౌను ఒడి నిండా చిక్కుడుకాయలు. మిగతా వాళ్లవి ఏదో మామూలుగా ఉన్నాయి, ఇవి బొద్దుగా, ముదురు ఊదా రంగులో, ఎవరో ఏరి ఏరి దాచినట్టు ఉన్నాయి. నిజంగా దాచినవే. పండగ రోజు దేవతకు మొట్టమొదట పెట్టే చిక్కుళ్లు పూజారి ఇంటి పందిరివి. వాటిని కోసుకొచ్చి నా ముందు పోసిందన్నమాట, పరీక్షకు పోవాలని ఉంది కాబట్టి.

ఆ గింజలతోనే గది నడిమధ్య పెద్ద 'అ' పేర్చాం. ఎంత బాగా వచ్చిందంటే, నేను బల్లెక్కి ఫొటో తీసి అక్కడికక్కడే టీచర్ల వాట్సాప్ గ్రూపు కోసం సిద్ధం చేసుకున్నాను. క్యాంపు దగ్గరికి వెళ్తే గానీ సిగ్నల్ దొరకదు.

బళ్లో వంట చేసే సీతమ్మక్క ఆ రోజు బియ్యం కోసం చర్ల పోయింది. ఆమె ఉండి ఉంటే పొయ్యి ముట్టించేది కాదు, నా చేతిలో గరిటె లాక్కుని నాకే నాలుగు అంటించేది. ఆమె లేదు కాబట్టి నేనే ఉప్పు వేసి ఉడకబెట్టాను. అక్షరం చదివినవాళ్లకు గుప్పెడు. తెలుగు వర్ణమాల అంత వేగంగా చదవడం ఆ బళ్లో ముందూ లేదు, తర్వాతా లేదు. నందిని మాత్రం ముట్టలేదు.

"కడుపు నొస్తంది సార్."

"పూర్తి వాక్యంల."

"నాకు కడుపు నొప్పిగా ఉంది సార్."

"శభాష్. కూసో."

సాయంత్రం క్యాంపు దగ్గర బండి ఆపి ఫొటో పంపాను. 'సూపర్ సార్', 'కిరాక్ ఐడియా', బొటనవేళ్లు, పూలగుత్తులు, దండాలు. ఎవరో పెద్దాఫీసరు కూడా మెచ్చుకున్నారని ఒకాయన రాశాడు. ఆ రాత్రి నేను అన్నం తక్కువ తిని ఫోన్ ఎక్కువ చూశాను.

తెల్లారి బడికి వెళ్తే గదిలో ఒక్క పిల్లా లేదు. మేకలు కూడా రాలేదు. కాసేపటికి గూడెం పెద్ద, అందరూ పటేల్ తాత అనే ముసలాయన కర్ర పట్టుకుని వచ్చాడు. వెనకాల ముత్తయ్య. ఆ వెనక ఇంకొందరు మగవాళ్లు. ఎవరి మొహంలోనూ కోపం లేదు. ఉంటే బాగుండేది.

"సారూ, మా పోరగాళ్లు చిక్కుళ్లు తిన్నమని సంబురంగ చెప్పిండ్రు. నిజమేనా?" అన్నాడు పటేల్ తాత.

"నిజమే తాతా. అక్షరాలు నేర్పుడానికి..."

"పండగ కాకముందు ముట్టొద్దు సారూ."

"అయ్యో, నాకు తెల్వదు తాతా. ఎవరూ చెప్పలే. ఒక్కరు ఒక్క మాట చెప్పినా నేను ఆ పని చేద్దునా?" అన్నాను.

వాళ్లెవరూ నన్ను చూడటం లేదు. నా వెనక్కి చూస్తున్నారు. ముత్తయ్య చిన్నప్పుడు మూడో తరగతి దాకా చదివాడు. కళ్లు చిట్లించి, వేలు గాల్లో కదుపుతూ, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ చదివాడు.

"చి... క్కు... డు... పం... డ... గ... ఇం... కా..."

భూమి చీలితే దూరిపోదామనిపించింది. కానీ బడి నేల నాపరాయి.

"...కా... లే... దు." ముత్తయ్య ఆగాడు. "ఇది ఎవలు రాసిండ్రు సారూ?"

"నేనే."

"మీకు ఎవలు చెప్పిండ్రు?"

"నందిని" అన్నాను.

ముత్తయ్య గోడ దగ్గర చతికిలబడి నేల మీద మిగిలిపోయిన ఊదా గింజ ఒకటి తీసి అరచేతిలో పెట్టుకుని చూశాడు. ఆ గింజ ఏ పందిరిదో ఆయనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

పంచాయితీ మా బడి అరుగు మీదే జరిగింది. తీర్పు చెప్పడానికి ఎక్కువసేపు పట్టలేదు. గింజలు తెచ్చిన ప్రతి ఇల్లూ తప్పు కింద ఒక కోడి పెట్టాలి. దేవత చిక్కుళ్లు తెంపిన పూజారి ఇల్లు మాత్రం ఈ ఏడు పండగ చేయడానికి లేదు, పక్కనుండాలి. పూజ వేరే ఇంటివాళ్లు చేస్తారు.

నేను లేచి నిలబడ్డాను. "తప్పు నాది తాతా. పిల్లలది కాదు, ముత్తయ్యది కాదు. వేసేదేందో నాకే వెయ్యిండ్రి. ఎన్ని కోళ్లంటే అన్ని తెస్త."

పటేల్ తాత నన్ను జాలిగా చూశాడు. "నీకెట్ల వేస్తం సారూ? తప్పు వెయ్యాలంటే నువ్వు మా ఊరోడివి కావాలె. నువ్వు బయటోడివి. నీకు తప్పు లేదు."

అప్పటిదాకా నన్ను ఎంతోమంది తిట్టారు, ఆ తర్వాతా తిట్టారు. ఇంత దెబ్బ ఎవరూ కొట్టలేదు. శిక్షకు కూడా పనికిరాకుండా పోయాను. పిల్లలకు ఏబీసీడీ గ్రేడులు వేసేవాణ్ణి, నాకు ఆ గూడెం వాళ్లు గ్రేడు వేయడం కూడా దండగనుకున్నారు.

ఆదివారం నాన్నకు ఫోన్ చేసి ఇదంతా కాస్త హాస్యం కలిపి చెప్పాను. మూఢనమ్మకాలు ఎట్లున్నాయో చూడు అని నవ్వాను. అటువైపు నవ్వు లేదు.

"నీకు యాదికున్నదా? నువ్వు చిన్నగున్నప్పుడు బాయి కాడ మైసమ్మకు పెట్టకముందే కొబ్బరిముక్క నోట్లో ఏసుకున్నవ్" అన్నాడు నాన్న.

"యాదికున్నది. నా వీపు విమానం మోత మోగిచ్చినవ్."

"మరి? ఆమెకు మొక్కకుండ నేను ఒక్కనాడన్న బాయి దిగిన్నా? వాళ్లకు చేతుల్లేక నిన్ను ఇడిశిపెట్టిండ్రు అనుకున్నవా?" అని ఫోన్ పెట్టేశాడు. మా నాన్న పూర్తి వాక్యాలు మాట్లాడే మనిషి కాదు, ఆ రోజు మాత్రం అన్నీ పూర్తిగానే మాట్లాడాడు.

పండగ జరిగింది. డోలు చప్పుడు బడి దాకా వినిపించింది. ముత్తయ్య ఇంటి తలుపు మూసే ఉంది. పండగ వెళ్లిన కొద్ది రోజులకే ఆయన పెళ్లాం పిల్లలను తీసుకుని గోదావరి ఒడ్డు తోటలకు మిరప కోతలకు పోయాడు. ఏటా పోతారు, కాకపోతే ఎండలు ముదిరాక పోతారు. ఈసారి ఊళ్లో తలెత్తుకోలేక ముందే పోయాడు. నందినిని కూడా తీసుకుపోయాడు. ఆ పిల్ల హాల్‌టికెట్ నా జేబులో ఉండిపోయింది.

పరీక్షకు ముందురోజు బండేసుకుని ఆ తోటలన్నీ తిరిగాను. అడిగిన ప్రతిచోటా "ఏ ముత్తయ్య?" అన్నారు. చివరికి ఒక చేలో దొరికారు. ముత్తయ్య వంచిన నడుము ఎత్తలేదు. ఆ పక్క సాలులో నందిని, తలకు గుడ్డ చుట్టుకుని కాయ కోస్తోంది. నన్ను చూసి ఆగింది.

"ముత్తయ్యా, రేపే పరీక్ష. నేను తీస్కపోయి రాపిచ్చి, మళ్ల ఈడనే దింపుత."

"పరీక్ష రాస్తే మా తప్పు పోతదా సారూ?"

"తప్పుకు, దీనికి సంబంధం ఏంది? పిల్ల బతుకు..."

"మీ మీద నమ్మకంతోని పంపుతా అన్న సారూ," అన్నాడు, కోస్తూనే. "అన్నగదా?"

అన్నాడు. గుర్తుపెట్టుకోమని మీకూ చెప్పాను కదా. నందిని మళ్లీ వంగి కోతలో పడింది. నేను చేలోంచి తుమ్ముకుంటూ బయటపడ్డాను. కళ్లలో నీళ్లు మిరప ఘాటుకే వచ్చాయని గట్టు మీద కూలీలతో అన్నాను, వాళ్లు నమ్మినట్టే తలూపారు.

కథ ఇక్కడ ఆగి ఉంటే నేను కాస్త మర్యాదస్తుడిగా మిగిలేవాణ్ణి. ఆగలేదు. ఆ ఫొటో గ్రూపులోంచి గ్రూపులోకి ఎక్కి, టీఎల్‌ఎం మేళా దాకా పోయింది. అంటే మేము అట్టముక్కలతో, గింజలతో, గాజుపెంకులతో చేసే బోధన సామాను ఎగ్జిబిషన్ అన్నమాట. వెళ్లేసరికి వేదిక వెనక నా 'అ' మంచమంత ఫ్లెక్సీ మీద వెలిగిపోతోంది. దాని వెనక బోర్డూ, బోర్డు మీద ఆ వాక్యమూ, అక్షరం చెదరకుండా.

హాలు నిండా టీచర్లు. పిల్లలకు చదవడం నేర్పడమే పనిగా బతికేవాళ్లు. ఎవరో ఒకరు చదువుతారు, చదివి ఇదేమిటని అడుగుతారు, నా బండారం బయటపడుతుంది అని బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాను. పెద్దాఫీసరు మైకు అందుకున్నారు.

"ఆ బోర్డు మీద వాక్యం కూడా చూడండి. 'చిక్కుడు పండగ ఇంకా కాలేదు.' స్థానిక పండగ పేరు తీసుకుని ఎంత చక్కటి వాక్యం రాయించారో! ఒక్క తప్పు లేదు!"

హాలంతా చప్పట్లు. నాకు శాలువా కప్పారు. ఫ్రేము కట్టిన ప్రశంసాపత్రం చేతిలో పెట్టారు. మిగతా బడుల్లో కూడా చిక్కుడు గింజలతో చేయించండి అన్నారు. నేను మైకు ముందుకు వెళ్లి నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. "ధన్యవాదాలు" అని వచ్చింది. అది పూర్తి వాక్యం కూడా కాదు.

ఆ ఫ్రేము గోడకు కొట్టడానికి చేయి రాలేదు. బళ్లో మంచినీళ్ల కుండకు మూత పగిలి ఉంటే దాన్నే మూతగా పెట్టాను. సరిగ్గా సరిపోయింది. ప్రభుత్వం నాకిచ్చిన వాటిలో పిల్లలకు పనికొచ్చింది అదొక్కటే.

కోతలైపోయి, బడికి వేసవి సెలవులు ఇచ్చే ముందు ఒకరోజు నందిని వచ్చింది. చేతులు కారం మంటకు పొట్టు లేచి ఉన్నాయి. అరుగు మీద తన చోట్లోనే కూర్చుంది.

"నందినీ, వచ్చే ఏడు మళ్ల రాద్దాం. మీ నాయనతోని నేను మాట్లాడుత. అన్నీ నేనే చూస్కుంట."

"వద్దు సార్."

పూర్తి వాక్యంలో చెప్పమని నేను అడగలేదు. అడిగితే చెప్పేసేదేమోనని భయం వేసింది.

ఆ పిల్ల లేచి నీళ్లు తాగడానికి కుండ దగ్గరికి వెళ్లింది. మూత తీసి పక్కన పెట్టబోయి ఆగింది. కంటికి కనిపించిన అక్షరాన్ని వదలదని చెప్పాను కదా. ఈసారి పెదాలు కదలడమే కాదు, గొంతు వచ్చింది. చిన్నపిల్లలందరూ తిరిగి చూసేలా, ఎక్కడా తడబడకుండా, విరామాలతో సహా చదివింది.

"స్థానిక సంస్కృతిని గౌరవిస్తూ, పిల్లల ఇంటి భాషకు విలువనిస్తూ, వారు చెప్పే ప్రతి మాటనూ శ్రద్ధగా ఆలకిస్తూ బోధించినందుకు గాను, ఈ ఉపాధ్యాయునికి..."

నా పేరు దాకా చదివి ఆపింది. ఆ పిల్ల గొంతెత్తి చదివితే వినాలని ఏడాదంతా ఎదురుచూశాను. వచ్చేసరికి అది నా సర్టిఫికెట్ చదివింది. నీళ్లు తాగి, ఫ్రేము మళ్లీ కుండ మీద సరిగ్గా పెట్టి, నా వైపు తిరిగింది. పాఠం అయ్యాక నేను అడిగినట్టే అడిగింది.

"అర్థమైందా సార్?"

ఆ మొహంలో వెటకారం ఉందేమోనని ఇప్పటికీ వెతుక్కుంటూనే ఉన్నాను. నేను చేతులు కట్టుకుని, నా బళ్లో పిల్లలందరూ చెప్పినట్టే చెప్పాను.

"అయింది."

కావున సమస్త జనులకూ తెలియజేస్తూ నేను చేయు ప్రతిజ్ఞ ఏమనగా: ఇకపై ఏ గింజతోనూ, ఏ కాయతోనూ, ఏ అక్షరమూ పేర్చను. ఏ పిల్లయినా నోరు తెరిస్తే ముందు వింటాను, దిద్దడం సంగతి తర్వాత చూస్తాను. పండగ అయిందని గూడెం నుంచి కబురు వస్తే తప్ప మా ఇంట్లో చిక్కుడుకాయ వండనివ్వను. ఇది ఇప్పటికీ తప్పకుండా పాటిస్తున్నాను. ప్రతి చలికాలమూ సంతలో చిక్కుళ్లు కుప్పలు పోసి అమ్ముతుంటే మా ఆవిడ సంచి చాపుతుంది, నేను చేయి పట్టుకుని ఆపుతాను.

"ఎందుకు వద్దు? ఒక్క కారణం చెప్పు" అంటుంది.

"చిక్కుడు పండగ ఇంకా కాలేదు" అంటాను.

పూర్తి వాక్యమే. ఒక్క తప్పు లేదు.